రామ్ కుమార్ చిత్రములు: ‘నైరూప్య’ పదౌచిత్యము

ఆధునిక చిత్రకళనుగూర్చి తెలుగున వ్రాయువారు ‘ఆబ్‌స్ట్రాక్ట్’ అను ఆంగ్లపదమునకు ‘నైరూప్యము’ అనియు ‘అమూర్తము’ అనియు వాడుచున్నారు. రెండును నిషేధార్థకములే. రూపము లేదనుట యొకటి, మూర్తి లేదనుట మఱియొకటి. ఆంగ్లపదమునకు మూలమైన లాటిను ధాతువునకు ‘లాగి వేఱుచేయుట’ యని యర్థము. లేకుండుటకును, ఉన్నదానినుండి కొంత వేఱుచేసి గ్రహించుటకును చాల భేదము కలదు. ప్రకృతినుండి పుట్టిన చిత్రమును జూచునపుడు విద్యార్థి దేనిని వెదకవలయునో ఈ పదమే నిర్ణయించుచున్నది గనుక, ఇది కేవలము నిఘంటుచర్చ కాదు. రామ్ కుమార్ తైలవర్ణచిత్రములను ఈ దృష్టితో పరిశీలింపబూనితిమి.

ఆయన 1924లో సిమ్లాలో జన్మించెను. ఢిల్లీలో అర్థశాస్త్రము చదివి, 1948లో బ్యాంకు కొలువును విడిచి, 1949 మొదలు 1952 వఱకు పారిస్‌లో ఆంద్రే లోత్, ఫెర్నాండ్ లెజే అనువారికడ చిత్రకళ నభ్యసించెను. హిందీలో కథలు వ్రాసినవాడు. సుప్రసిద్ధ కథకుడు నిర్మల్ వర్మ ఆయన తమ్ముడు. 2018లో పరమపదించెను. 1950వ దశకపు చిత్రములలో మనుష్యులే ప్రధానము. ఇఱుకు వీధులు, వెనుకనుండి ఒత్తుకొనివచ్చు మేడలు, వాని ముందు దిక్కుతోచక నిలిచిన నగరవాసులు. 1956 ప్రాంతపు ‘ది వాగబాండ్’ ఈ కోవలోనిది.

1960లో ఆయన ఎం. ఎఫ్. హుసేన్‌తో గూడి కాశికి పోయెను. శ్రీనాథుని ‘కాశీఖండము’ మొదలుకొని ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ వఱకు మన వాఙ్మయమున కాశి యనగా జనమే: స్నానములు, దానములు, పండాలు, మణికర్ణికాఘట్టమున ఆఱని చితులు. అట్టి నగరమునుండి వచ్చిన రామ్ కుమార్ చిత్రములలో మనుష్యుడు కానరాడు. ఇండ్లు ఒకదానిపై నొకటి పేరుకొని యుండును. వాకిండ్లు, కిటికీలు నల్లని చీలికలవలె తోచును. మెట్లు ఏటివైపు జాఱుచుండును. గంగ యొక బూడిదవన్నె పట్టిక. బూడిద, గోధుమ, నలుపు వన్నెలే హెచ్చు. జనము తొలగినది గాని జనము మసలిన జాడ తొలగలేదు. క్రమముగా ఇండ్లును కఱగి వాలుతలములైనవి. 1970 తరువాత నీలము, ఆకుపచ్చ, గైరికము కోణములుగా ఒకదానినొకటి కోసికొనుచు సాగును. ఎత్తునుండి చూచిన కొండచఱియలు, చెఱువులు, మళ్లు జ్ఞప్తికి వచ్చును.

ఇందు ద్రవ్యగుణము నుపేక్షింపరాదు. నూనెరంగు నీరు ఆవిరియై యాఱునట్లు ఆఱదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. అందులకు దినములు పట్టును. ఆ వ్యవధిలో పచ్చిరంగును కత్తితో ప్రక్కరంగులోనికి ఈడ్చవచ్చును, గీకి క్రిందిపొరను బయల్పఱుపవచ్చును. ఒడ్డు ఎచట ముగిసి నీరు ఎచట మొదలయ్యెనో తెలియరాని యంచులు ఈ చిత్రములకు అందుచే సాధ్యమైనవి. ముద్రిత ప్రతికృతులలో ఈ పొరలు నశించును. వానిని మాత్రమే చూచి విమర్శకు పూనుకొనుట సాహసము.

సాదృశ్యము చిత్రషడంగములలో నొకటి గదా, అది లేనిది చిత్రమెట్లగునని మా విద్యార్థులు పలుమాఱు ప్రశ్నింతురు. కామసూత్రములకు వ్యాఖ్యయగు ‘జయమంగళ’లో యశోధరుడు సాదృశ్యమును రూపభేద, ప్రమాణ, భావ, లావణ్యయోజన, వర్ణికాభంగములతోపాటు పేర్కొనినాడు. రామ్ కుమార్ కాశీచిత్రములలో సాదృశ్యము లేకపోలేదు. అది వస్తువులతో గాక వాని సంబంధములతో నేర్పడినది: ఇంటిపై నిలిచిన ఇంటి బరువు, నీటికి లొంగిన మెట్టు వాలు. విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము అలలను, మంటలను, పొగను, పతాకలను వాయుగతి ననుసరించి చిత్రింపగలవానిని చిత్రవేత్త యని మెచ్చినది. వాయువు రూపరహితమని తార్కికుల మతము. అది కదలించినవానియందే అది కానవచ్చును. ఈ చిత్రములలో మనుష్యుడును అట్లే, తాను విడిచిపోయిన గోడలయందును మెట్లయందును కానవచ్చుచున్నాడు. అందుచే వీనిని ‘ఉద్ధృతరూపము’లనుట యుక్తమని మాకు తోచుచున్నది. పదము కఠినమే, సులభమైనది యెవరైన సూచించినచో సంతోషింతుము.

పారిస్‌లో వామపక్షభావములవైపు మొగ్గిన చిత్రకారుడు దీనజనమును వదలి కొండలను, ఏఱులను ఆశ్రయించుట పలాయనమని యాక్షేపము కలదు. కాశీచిత్రములయెడ దీనిని మేము అంగీకరింపము. ఆ శూన్యమున నున్న దుఃఖము పూర్వపు ముఖములలోని దుఃఖముకంటె తక్కువది కాదు. తరువాతి కాలపు కొన్ని రచనలయెడ మాత్రము మా మనస్సు అంత నిశ్చయముగా లేదు. వర్ణములు తేటపడినవి, కూర్పు నిర్దుష్టము. కాని వెనుకటి చిత్రములలోని కోణములే మరల వచ్చినట్లుండును. ఏ తావునుండి, ఏ ఋతువునుండి అవి గ్రహింపబడినవో కాన్వాసు చెప్పదు. అట్టివానిని ‘నైరూప్యము’లని యెవరైన ననినచో మేము వాదింపము.