విలన్ లేని వెరావల్

'తండేల్' (2025)లో నాకు బాగా నచ్చింది సముద్రం కాదు, ఒడ్డున ఆడవాళ్ళ ఎదురుచూపు. దాన్ని దర్శకుడు చందూ మొండేటి బాగా పట్టుకున్నాడు. తర్వాత పాకిస్తాన్ జైలొచ్చింది, జెండాలొచ్చాయి, కథ అటు జారిపోయింది.

నా పేచీ అక్కడే. శ్రీకాకుళం జిల్లాకి దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, పెద్ద బోట్లు నిలిపే హార్బర్ లేక మనవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి పరాయి బోట్ల మీద వేట చేస్తారు. సినిమా మనసంతా సరిహద్దు మీదే.

సినిమాకి మూలమైన అసలు జాలర్లు 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. మూడు నెలలు తిరక్కముందే లాక్‌డౌన్. అదే వెరావల్‌లో వేలమంది ఉత్తరాంధ్ర జాలర్లు బోట్లలోనే చిక్కుకుపోయారు. ఏప్రిల్ చివర్లో బస్సులు పెడితేగానీ కదల్లేదు. ఈసారి శత్రుదేశం లేదు, గీత దాటిందీ లేదు. వేటకి అంత దూరం పోవాల్సి రావడమే మొత్తం కథ. (అప్పుడు మా టీమ్ గొడవల్లా వైఫై గురించే.)

విలన్ లేకపోతే కథ నడవదా? ఈ జిల్లావాడే కారా మాస్టారు. ఆయన 'యజ్ఞం'లో పంచాయితీ పెద్ద శ్రీరాములు నాయుడు దుర్మార్గుడేం కాదు. అయినా అప్పు అప్పల్రాముడి కుటుంబాన్ని తినేసింది. బోట్ల మీద గడిచిన ఆ నెలరోజుల్ని కూడా ఎవరైనా అలా లెక్క తేల్చి రాస్తే చదవాలనుంది.