నాలుగో గేరులో అడగండి

ఈ వారం నాకు ఒళ్ళు మండించింది ఒక బిల్లు. మా మేనల్లుడి స్విఫ్ట్‌కి ఒక షెడ్డువాళ్ళు వేసిన బిల్లు. పెట్రోలు పంపు కొత్తది, ఫిల్టరు కొత్తది, ఇంజెక్టర్ల క్లీనింగు, థ్రోటిల్ బాడీ క్లీనింగు, లేబరు వేరే. ఇన్ని రాసిన ఆ కాగితం మీద ఒక్క కొలత లేదు. పాత పంపు ప్రెషర్ ఎంత ఇస్తోంది, ఎంత ఇవ్వాలి, మార్చాక ఎంతకి పెరిగింది అన్న ఊసే లేదు. డబ్బు కట్టి బండి ఇంటికి తెచ్చాక జబ్బు జబ్బులాగే ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం తటపటాయిస్తుంది, ఒళ్ళు దులుపుకుంటుంది, ఆ తర్వాత లాగుతుంది.

"మావయ్యా, ఇక ఇంజెక్టర్లు కూడా మార్చాలంటున్నారు" అన్నాడు ఫోన్లో. ఏమీ మార్చకుండా బండి తీసుకుని రమ్మన్నాను.

అది 2013 మోడల్, 1197 సీసీ పెట్రోలు, ఐదు గేర్ల మాన్యువల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కొని ఊరుకోలేదు. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి కోన్ ఫిల్టర్ బిగించాడు. ఇంజను దగ్గర హెడర్లు, వెనక ఫ్రీ ఫ్లో సైలెన్సరు, కింద వెడల్పు టైర్లతో పెద్ద అలాయ్‌లు. ఇలాంటి వాటి మీద నా అభిప్రాయం ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. గాలి లోపలికి వచ్చే దారి, పొగ బయటికి పోయే దారి, ఈ రెండిటి మధ్య పెట్రోలు ఎంత పడాలన్న లెక్క, మూడూ కలిపి కూర్చుని కుదిర్చిన ఇంజనీర్ల పనిని ఒక ఆదివారం మధ్యాహ్నం స్పానర్లతో దాటేయగలమనుకోవడం నాకు మింగుడుపడదు. కంపెనీ చేసినదానికి తేడాగా బండిని మార్చకూడదనే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ గురించీ, అదే మాట నిలబెట్టిన 2019 జనవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించీ ఇక్కడే రాశాను. కాబట్టి ఆ షెడ్డుకి ముందు చూసిన మెకానిక్ "ఆ కోన్ ఫిల్టర్ పీకెయ్, కంపెనీ సైలెన్సర్ పెట్టు, అదే పోతుంది" అన్నాడని వాడు చెప్పినప్పుడు నా మనసూ అటే మొగ్గింది.

అయినా ఏ బండికైనా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఎప్పుడు?

ఎప్పుడు తడబడుతోంది? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, గంట తిరిగాకా? కాలు ఆనించిన మొదటి అంగుళంలోనా, అడుగుకంటా తొక్కినప్పుడా? ఏ గేరులో, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర? నూటికి తొంభైమంది ఓనర్లు "ఊరికే మిస్సింగ్ కొడుతోందండీ" అని ఆపేస్తారు. మెకానిక్ కూడా అంతకు మించి అడగడు. అక్కడి నుంచి పార్టులు మార్చుకుంటూ పోవడమే.

ఈ "ఎప్పుడు" నాకు అబ్బింది విజయవాడ ఆటోనగర్లో. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా పెదనాన్నగారి అంబాసిడర్‌ని చూసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఓనరు వచ్చి ఏం చెప్పినా బానెట్ ఎత్తేవాడు కాదు. పక్క సీట్లో కూర్చుని "పోనివ్వండి, చూపించండి" అనేవాడు. తిరిగొచ్చేదాకా మాట్లాడేవాడు కాదు. ఒకరోజు ఆయన షెడ్డులో మా అంబాసిడరూ, ఎవరిదో పద్మినీ కారూ పక్కపక్కనే ఉన్నాయి. రెండిటిదీ ఒకటే ఫిర్యాదు. సిగ్నల్ దగ్గర గబుక్కున తొక్కితే బండి గుటక మింగి, తర్వాత కదులుతోంది.

ముందు పద్మిని. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి, ఇంజను ఆపి ఉండగానే నన్ను పిలిచి సోలెక్స్ కార్బురేటర్ గొంతులోకి చూడమన్నాడు. చేత్తో థ్రోటిల్ లివరు లాగాడు. లోపల గోడకున్న చిన్న ఇత్తడి నాజిల్ నుంచి సన్నగా పెట్రోలు చిమ్మాలి. దాని మూతి దగ్గర ఒక్క చుక్క ఊరి ఆగిపోయింది. కింద నాలుగు స్క్రూలు విప్పితే, ఆ నాజిల్‌కి పెట్రోలు నెట్టే చిన్న పంపు డయాఫ్రం అంచు చిరిగి కనబడింది. కొత్తది వేసి, చేత్తో పెట్రోలు ఎక్కించి మళ్ళీ లాగాడు. ఈసారి చుయ్యిమని ఎదుటి గోడకి తగిలింది.

తర్వాత అంబాసిడర్. దాని ఎస్‌యూ కార్బురేటర్లో ఆ నాజిలే ఉండదు. పైన గోపురంలాంటి డబ్బా, లోపల గాలి లాగినకొద్దీ పైకి లేచే పిస్టను. మేస్త్రీ నా వేలు పట్టుకుని గొంతులో పెట్టించి ఆ పిస్టన్ని పైకి ఎత్తించాడు. ఏ అడ్డూ లేకుండా ఎగిరిపోయింది. గోపురం మీది నల్ల మూత తిప్పి బయటికి లాగాడు. మూతకి వేలాడే కడ్డీ, కడ్డీ చివర బుల్లి ఇత్తడి పిస్టను, అది పొడిగా ఉంది. క్యాన్ వంచి లోపలికి కాస్త నూనె పోసి, కడ్డీ దించి, మళ్ళీ ఎత్తమన్నాడు. ఇప్పుడు నా వేలిని వెనక్కి నెడుతున్నట్టు బరువుగా, నిదానంగా లేచింది. వదిలేస్తే మాత్రం టక్కుమని కింద పడింది.

"ఆ బండిలో పెట్రోలు ఎక్కువ పోశాం, ఈ బండిలో గాలిని పట్టి ఆపాం. జబ్బు మాత్రం ఒకటే బాబూ" అన్నాడు.

ఆ జబ్బేమిటో చెప్పాలి. గాలి తేలిక, పెట్రోలు బరువు. థ్రోటిల్ తలుపు ఒక్కసారిగా తెరిస్తే గాలి ముందు దూరిపోతుంది, పెట్రోలు వెనకబడుతుంది. పైగా మానిఫోల్డులో ఒత్తిడి పెరిగేసరికి ఆవిరిగా ఉన్న పెట్రోలులో కొంత గోడలకి తడిగా అంటుకుపోతుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి. బండి గట్టిగా లాగాలంటే ఆ గాలి పదమూడు పాళ్ళకి కాస్త ఇటుగా తగ్గాలి, అంటే మిశ్రమం చిక్కబడాలి. సరిగ్గా అదే క్షణంలో అది పలచబడుతుంది. ఆ లోటు పూడ్చడానికే సోలెక్స్‌లో డయాఫ్రం, ఎస్‌యూలో నూనె. ఇప్పటి బండ్లలో ఆ పని ఇంజను కంప్యూటరైన ఈసీయూ చేస్తుంది. థ్రోటిల్ ఎంత తెరుచుకుందో, ఎంత వేగంగా తెరుచుకుందో చూసి ఇంజెక్టర్లని ఆ క్షణానికి ఇంకాస్త సేపు తెరిచి ఉంచుతుంది. గాలి కొలిచే పద్ధతిని బట్టి కూడా అనుమానాలు మారతాయి. గాలి ప్రవాహంలో వేడి తీగ పెట్టి కొలిచే కార్లలో, నూనె పట్టించిన కోన్ ఫిల్టర్ వేస్తే ఆ నూనె తీగకి పట్టి లెక్క తప్పించవచ్చు. మానిఫోల్డు ఒత్తిడిని బట్టి లెక్కకట్టే కార్లకి ఆ బాధ లేదు. హెడర్ల జాయింటు దగ్గర లీకుంటే ఇంకో చిక్కు. బయటి గాలి లోపలికి దూరితే ఆక్సిజన్ సెన్సరు మిశ్రమం పలచగా ఉందనుకుంటుంది, ఈసీయూ అక్కర్లేని పెట్రోలు పోస్తుంది.

అనుమానాలు ఇన్ని ఉన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? గేర్ రాడ్ దగ్గర. మాన్యువల్ బండి నడిపేవాళ్ళ చేతిలో ఇంత మంచి పరికరం ఉందని చాలామంది గుర్తించరు. ఆటోమేటిక్‌లో కాస్త గట్టిగా తొక్కితే గేర్‌బాక్సే కింది గేరుకి దిగిపోయి జబ్బుని కప్పేస్తుంది. మాన్యువల్‌లో గేరు మీ ఇష్టం. ఇంజను ఏ వేగంలో ఉండాలో, ఎంత బరువు మొయ్యాలో మీరే నిర్ణయించి, ఆ ఒక్క స్థితిలో దాన్ని నిలబెట్టి అడగొచ్చు. పై గేరులో తొక్కితే ఆర్‌పీఎం సర్రున లేచి స్పీడు పెరగకపోతే అది క్లచ్ ప్లేటు, ఇంజన్ని ముట్టుకోవద్దు. కాలు తీసి మళ్ళీ పెట్టినప్పుడు మాత్రమే ధడ్‌మంటే ఇంజను మౌంటింగులు చూడండి.

ఆదివారం తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, భవానీపురం వైపు నుంచి దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కించాం. నాలుగో గేరు, 1500 ఆర్‌పీఎం, ముప్పావు వంతు తొక్కుడు. వచ్చింది తడబాటు, గుక్కగుక్కగా కుదుపుతో. దిగాక మావాడు రెండో గేరులో పెట్టి, అదే తొక్కుడుతో 5000 దాకా పోనిచ్చాడు. ఎక్కడా ఆగకుండా లాగింది.

ఆ రెండు పరుగులతో పెట్రోలు పంపు నిర్దోషి అని తేలిపోయింది. ఇంజను ఎక్కువ పెట్రోలు తాగేది ఎక్కువ ఆర్‌పీఎంలో, నిండా తొక్కినప్పుడు. పంపు బలహీనమైతే, ఫిల్టరు మూసుకుపోతే రెండో గేరు పరుగులోనే బండి నీరసపడాలి. 1500 దగ్గర దానికి కావలసింది కొంచెమే. బిల్లు వేసినవాళ్ళు ఈ పరీక్ష చేసి ఉంటే పంపు జోలికి పోయేవాళ్ళు కాదు. పరీక్షకి ఖర్చు లేదు, పావుగంట చాలు. నా కోపమంతా అందుకే.

మరి నాలుగో గేరులోనే ఎందుకు తడబడింది? తక్కువ వేగం, ఎక్కువ బరువు అంటే సిలిండర్లో గాలి చిక్కగా నిండుతుంది. ఆ చిక్కదనంలో ప్లగ్గు దగ్గర స్పార్కు దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. దారిలో ఎక్కడన్నా తేలికైన సందు దొరికితే కరెంటు అటే పోతుంది, ఆ విడత సిలిండరు మండదు. ఐడ్లింగులో ఏమీ తెలియదు. స్కానర్ పెడితే కోడూ రాలేదు. అప్పుడొకటి ఇప్పుడొకటి తప్పే స్పార్కుని చాలాసార్లు ఈసీయూ లెక్కలోకి తీసుకోదు.

ఎర్త్ చూశారా అని మీరు అడుగుతారని తెలుసు. చూశాం. స్టార్టర్ తిరుగుతుండగా బ్యాటరీ మైనస్‌కీ ఇంజను బ్లాకుకీ మధ్య మల్టీమీటర్ పెడితే 0.2 వోల్టు కూడా చూపించలేదు. ఎర్త్ బాగుంది.

ఇగ్నిషన్ కాయిల్స్ ఒక్కొక్కటీ లాగాం. మూడో సిలిండరుది పైకొస్తే దాని రబ్బరు బూటు మెత్తబడి జిడ్డుగా ఉంది. ప్లగ్గు తీసి టార్చి వేసి తిప్పితే, తెల్లటి పింగాణీ మీద పైనుంచి కింది ఇనుము దాకా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. గోటితో గీకినా పోలేదు. కరెంటు ఆ గీత వెంట జారి ఎర్త్ అయిపోతోంది. జిడ్డు ఎక్కడిదంటే టాపెట్ కవర్ ప్యాకింగ్‌ది. ప్లగ్గు గొట్టం చుట్టూ ఉండే సీలు వేడికి గట్టిపడి, ఆయిల్ చుక్కచుక్కగా లోపలికి దిగింది. ప్యాకింగు, ఆ ఒక్క బూటు, నాలుగు ప్లగ్గులు మార్చాం. పంపు ఖరీదులో చిన్న భాగం కూడా కాలేదు. మళ్ళీ అదే ఫ్లైఓవర్, అదే నాలుగో గేరు. నున్నగా ఎక్కింది.

కోన్ ఫిల్టరు, హెడర్లు, సైలెన్సరు, వీటిలో దేనికీ ఇందులో పాత్ర లేదు. వయసు మీదపడితే కంపెనీ కండిషన్లో ఉన్న ఏ స్విఫ్ట్‌కైనా ఆ సీలు గట్టిపడొచ్చు.

ఈ సంగతి మా ఇద్దరి కంటే ముందే చెప్పినది వాడి ఫోన్లోని ఒక నోటు. ఏ తేదీన ఏం మార్చాడు, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు, మార్చాక బండి ఎలా ఉంది, అన్నీ అందులో రాసుకున్నాడు. చివరిసారి ఏదో బిగించిన తర్వాత ఎన్నో నెలలు బండి బాగా తిరిగింది. తడబాటు మొదలైంది వానాకాలం వెళ్ళాక. తేదీలే ఫిల్టర్ని, సైలెన్సర్ని వదిలేశాయి. ఆ మొదటి మెకానిక్ మాట విని అన్నీ పీకేసి ఉంటే? ఆ పనిలో బ్యాటరీ వైరు తీస్తారు, ఈసీయూ నేర్చుకున్నదంతా చెరిగిపోతుంది, ఒకట్రెండు రోజులు బండి వేరేగా నడుస్తుంది, "చూశావా, కోన్ ఫిల్టరే" అని అందరూ నమ్ముతారు. గీత పడ్డ ప్లగ్గు మాత్రం లోపలే ఉంటుంది.

దీనికి భిన్నంగా, "నా బండిలో ఏమీ మార్చలేదండీ, అంతా కంపెనీదే" అనే పెద్దమనుషుల కార్లు గుర్తు తెచ్చుకోండి. ఎవరో ఎప్పుడో వేసిన ప్లగ్గులు, వాటి నంబరు తెలియదు. సర్వీసులో చవగ్గా దొరికిన ఫిల్టరు. కొలత తేడాగా ఉన్న టైర్లు. రెండుసార్లు విప్పి బిగించిన థ్రోటిల్ బాడీ. పదేళ్ళు దాటిన ప్రతి బండీ మోడిఫైడ్ బండే. ఏం మారిందో రాసిపెట్టినవాడు ఒక్కడు, తెలియనివాళ్ళు మిగతా అందరూ. ఇంత తొందరగా జబ్బు దొరకడానికి వాడి మార్పులు అడ్డం రాలేదు సరికదా, మార్చే అలవాటు వల్ల వచ్చిన ఆ రాత, ఏ ఆర్‌పీఎం దగ్గర ఏ చప్పుడు వస్తుందో తెలిసిన ఆ చెవి మాకు సాయపడ్డాయి. ఒరిజినల్‌గా ఉంచండి అని ఈ కాలమ్‌లో ఇన్నాళ్ళూ రాశాను. ఇప్పుడు ఎవరన్నా తడబడే కారు తెచ్చి నన్ను ఎంచుకోమంటే, లెక్క రాసిన మోడిఫైడ్ బండినే ముందు చూస్తాను.

సైలెన్సరు విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గలేదు. వీధిలో పడుకున్న పసిపిల్లలు లేచిపోతారు, తీసెయ్యమని చెప్పాను, ఆలోచిస్తానన్నాడు. ఇంకొక పని మిగిలింది. మధ్యాహ్నం ఎండలో సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి బయల్దేరితే మొదటి కొన్ని గజాలు బండి కాస్త బద్ధకిస్తోందట. డబ్బా లేని కోన్ ఫిల్టరు ఇంజను పక్కనున్న వేడి గాలినే పీలుస్తుంది, వేడి గాలి పలచన, కాబట్టి ఇక్కడ దాని మీద అనుమానం సబబే. అయినా పీకొద్దన్నాను. స్కానర్లో లోపలికి వచ్చే గాలి టెంపరేచర్ ఆగి ఉన్నప్పుడు ఎంత, ఫ్లైఓవర్ మీద కదిలేటప్పుడు ఎంత అన్నది ముందు రాసుకోవాలి. తర్వాత ఫిల్టరుకీ ఇంజనుకీ మధ్య రేకు అడ్డం పెట్టి మళ్ళీ చూడాలి. ఎండలు ముదరగానే చేద్దామన్నాడు.