ఉక్కు ఊరి పాట, కొండ తుడుము

విశాఖపట్నం హాస్టళ్లలో చదువుకునే మన కుర్రకారు సెలవులకు ఇంటికి వస్తే ఒంటి మీద నల్ల టీషర్టులు కనిపిస్తున్నాయి. వాటి మీద పుర్రెలు, మెరుపుల్లా విరిగిన ఇంగ్లీషు అక్షరాలు: బ్లాక్ సబ్బాత్, ఐరన్ మెయిడెన్, మెటాలికా. ఊళ్లో పెద్దలు ఫోన్లో ఆ పాట విని ‘ఇది పాటా, గోలా?’ అంటున్నారు. మా తోటి ఉపాధ్యాయుల్లో కొందరు ఇంకో అడుగు వేసి సైతాను పూజ అంటున్నారు. పిల్లలేమో మీకు తెలీదులెండి అని ఊరుకుంటున్నారు. ముగ్గురూ ఆ పాట ఎక్కడ పుట్టిందో చూడకుండానే మాట్లాడుతున్నారని మాకు అనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం.

హెవీ మెటల్ పుట్టింది ఒక ఇనుప పనుల ఊరిలో. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ అది. కొలుములు, ప్రెస్సులు, రేకుల ఫ్యాక్టరీలు. టోనీ ఐయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు అక్కడ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 1965లో, ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున, అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు ప్రెస్సులో పడి తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం వాడు. కాబట్టి గిటారు తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ఇక వాయించలేనని దిగులుపడి కూర్చుంటే ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించిన గిటారు. జాంగో నిప్పుల్లో చెయ్యి కాలి, ముఖ్యంగా రెండు వేళ్లతోనే వాయించినవాడు. అతను రోమా జాతి మనిషి. ఆ రోమాలు సుమారు వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచే వలసపోయినవాళ్లని వాళ్ల భాష చెబుతుంది. చుట్టరికం ఎక్కడెక్కడ తేలుతుందో చూడండి.

ఐయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. వాటి మీద తోలుముక్క అంటించాడు. గట్టి తీగలు నొక్కితే నొప్పి. అందుకని సన్నతీగలు కట్టాడు, తర్వాత తర్వాత వాటిని వదులు చేశాడు. తీగ వదులైతే శ్రుతి కిందికి దిగుతుంది, నాదం బరువెక్కుతుంది. 1970 ఫిబ్రవరి 13న బ్లాక్ సబ్బాత్ మొదటి రికార్డు వచ్చింది. 1971 నాటి మూడో రికార్డుకు ఆ శ్రుతి ఇంకా లోతుకు దిగింది. ఈనాడు ప్రపంచమంతా మెటల్ అని పిలిచే ఆ బరువు వెనక ఒక కార్మికుడి తెగిన వేళ్లున్నాయి. ప్రెస్సు వెయ్యగా వెయ్యగా ఒకే చోట పడే దెబ్బ కూడా ఆ పాటలో ఉంది. పేరు మటుకు ఒక భయానక సినిమా నుంచి తీసుకున్నారు. భయపడటానికి జనం డబ్బులిచ్చి వెళ్తున్నారు కదా, పాటతో ఎందుకు భయపెట్టకూడదు అనుకున్నారు. వాళ్ల రెండో రికార్డులో మొదటి పాట వియత్నాం యుద్ధం నాటిది. యుద్ధం తెచ్చిపెట్టి తాము ఇంట్లో కూర్చునే పెద్దలను తిట్టింది. సైతాను పూజ అనే మాస్టారు ఆ పాట ఒక్కసారి వినాలి.

మరి మనది కూడా ఉక్కు ఊరే కదా. ఇనుము మటుకు మన కొండలదే. బస్తరులోని బైలదిల్లా కొండల ఇనుపరాయి కిరండోల్ నుంచి కొత్తవలస దాకా వేసిన రైలుమార్గం మీద దిగుతుంది. అరకు, బొర్రా మీదుగా, సొరంగాల్లోంచి, రాత్రనక పగలనక. జపానుకు ఇనుపరాయి అమ్మడానికి 1960లలో వేసిన దారి అది. పెద్ద ఓడల్లోకి ఎత్తడానికి విశాఖలో ఔటర్ హార్బర్ కట్టారు. ఉక్కు కర్మాగారం కోసం 1966లో ఉద్యమం జరిగింది, ముప్పై రెండు మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992లో గాని కర్మాగారం జాతికి అంకితం కాలేదు. 2021 జనవరిలో దాన్ని పూర్తిగా అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించింది. మళ్లీ జెండాలు, మళ్లీ పాటలు. ఇనుపరాయి రైలు వెళ్లే దారి పొడుగునా ఉన్నది మాత్రం మన ఊళ్లు. ఇనుము కరిగించి నాగలికర్రు, గొడ్డలి చేసిన కొండకమ్మరులు మనవాళ్లు. ఇంత ఇనుము మన గుమ్మం ముందు నుంచి వెళ్తున్నా, ఆ రైలు చప్పుడులోంచి మన గిటారు ఒక్కటీ పుట్టలేదే అని ఆ కుర్రాళ్లలో ఒకరు అడిగితే ఏం చెప్పాలి?

పాట పుట్టింది అనే చెప్పాలి. గిటారుతో కాకుండా పుట్టింది. పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం చేసినవాడు. యంత్రం ఎవరి వల్ల నడుస్తోందో అడిగిన పాట ఆయనది. అక్కడ ఐయోమీ, ఇక్కడ వంగపండు, ఇద్దరూ ఇనుప పనిలోంచే వచ్చారు. ఒకరు యంత్రపు మోతను వాయిద్యంలోకి తెచ్చుకున్నారు, ఇంకొకరు యంత్రం కింద నలిగే మనిషిని మాటలోకి తెచ్చారు. తేడా ఉందని మేమంటాం. వంగపండు పాటలో మాటే బలం. వాయిద్యం దాని వెనకాల నడుస్తుంది. మెటల్‌లో మాట అర్థం కాకపోయినా మోత అర్థమవుతుంది. ఇంగ్లీషు సరిగా రాని మన కుర్రాడు దానికి ఎందుకు కట్టుబడ్డాడో ఇక్కడే తెలుస్తుంది. పరీక్షలో ఇంగ్లీషు అతన్ని బెదిరిస్తుంది, పాటలో బెదిరించదు.

వంగపండుకు ముందే, శ్రీకాకుళ ఉద్యమ కాలంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకుని ఊరూరా తిరిగాడు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. బ్లాక్ సబ్బాత్ మొదటి రికార్డు రావడానికి అప్పటికి రెండు నెలలు లేదు. జముకును మీలో ఎంతమంది దగ్గరగా చూశారు? తోలు మూత, దాని మధ్య నుంచి లాగి పట్టిన ఒక్క తీగ. తోలూ తీగా రెండూ ఒక్క వాయిద్యంలోనే. లాగి వదిలితే గుర్రుమంటుంది. బేస్ గిటారు కోసం వేలకు వేలు పోగుచేసుకునే కుర్రాళ్లకు దాన్ని ఒకసారి చూపించాలని మా కోరిక.

ఇక రాక్ సంగీతం మొత్తం తెల్లవాళ్లదనే మాట. దీన్ని పిల్లలూ నమ్ముతున్నారు, పెద్దలూ నమ్ముతున్నారు. పత్తిచేలల్లో బానిసలుగా బతికిన నల్లవాళ్ల పిల్లలు పాడుకున్న బ్లూస్ దీనికి తల్లి. చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్, సిస్టర్ రోసెట్టా థార్ప్, వీళ్లంతా నల్లవాళ్లే. లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లీషు బృందం బోలెడంత పేరు తెచ్చుకున్న ఒక పాట తనదని నల్లజాతి రచయిత విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెక్కాడు. రెండేళ్లకు రాజీ కుదిరింది. మన బాణీ ఎవరో ఎత్తుకెళ్లి సినిమాలో పెట్టుకుంటే మనం ఎన్నడైనా కోర్టుకెళ్లామా?

ఆదివాసీ కూడా ఉన్నాడు ఈ చరిత్రలో. లింక్ రే. అమెరికాలో షానీ తెగ మూలాలున్న మనిషి. 1958లో అతను వాయించిన ‘రంబుల్’ అనే బాణీలో ఒక్క మాట కూడా లేదు. అయినా కుర్రాళ్లు కొట్టుకుంటారేమోనన్న భయంతో కొన్ని నగరాల రేడియోలు దాన్ని నిషేధించాయి. మాటలేని పాటను నిషేధించడం, ఎంత విచిత్రం! నాదం చిరిగినట్టు రావాలని అతను స్పీకరుకు పెన్సిలుతో బొక్కలు పొడిచాడు. తర్వాతి గిటారు వాళ్లందరూ వాడే ఆ చిరిగిన బరువు నాదానికి దారి వేసినవాళ్లలో అతనొకడు. ఈ ఒక్క పేరు చాలు, నల్ల టీషర్టు వేసుకున్న మన పిల్లవాడు తలెత్తుకోవడానికి. అయితే టీషర్టు మీద ఆ పేరు ఎక్కడా కనిపించదు.

పంక్ గురించి రెండు ముక్కలు. 1970ల మధ్యలో న్యూయార్క్‌లో రామోన్స్, లండన్‌లో సెక్స్ పిస్టల్స్, క్లాష్ బయల్దేరారు. సంగీతం నేర్చి ప్రవీణులైన వాళ్లే వాయించాలన్న మాటను వాళ్లు ఒప్పుకోలేదు. మూడు స్వరమేళాలు వస్తే బృందం పెట్టుకోవచ్చన్నారు. చేతిరాతతో, జిరాక్సుతో తమ పత్రికలు తామే వేసుకున్నారు. నిజం చెప్పాలంటే మన ఈ పుస్తకం కూడా ఆ తీరులోదే. పంక్ సంగీతం మాకు అంతగా రుచించలేదు గాని ఆ పద్ధతి నచ్చింది.

మెటల్‌లో మాకు నచ్చనివీ ఉన్నాయి. చాలా పాటల్లో ఆడది బొమ్మ. గిటారు వాడి వేళ్ల వేగమే గొప్పతనంగా చలామణీ అవుతుంది. చావు, రక్తం అనే మాటలు ఊరికే అలంకారానికి వాడతారు. చావు దగ్గరగా చూసిన మన ఊళ్లకు అది పిల్లచేష్టలా ఉంటుంది.

బ్రెజిల్‌లో సెపుల్తురా అనే బృందం ఉంది. వాళ్ల ఊరు బెలో హొరిజొంతే, రాష్ట్రం మినాస్ జెరాయిస్. ఆ పేరులోనే గనులున్నాయి, అక్కడా ఇనుపరాయే. 1996లో వచ్చిన ‘రూట్స్’ రికార్డు కోసం వాళ్లు షవాంతే ఆదివాసీల ఊరికి వెళ్లి, వాళ్లతో కలిసి పాడి రికార్డు చేసుకొచ్చారు. రికార్డు గొప్పగా ఉంది, వినండి. కాని అందులో షవాంతేలు అతిథులు. పాట మధ్యలో వచ్చి వెళ్తారు. కోపం బృందానిది, వేర్లు వాళ్లవి.

న్యూజీలాండ్‌లో ఏలియన్ వెపన్రీ సంగతి వేరు. మావోరీ మూలాలున్న అన్నదమ్ములు లూయిస్, హెన్రీ ది యాంగ్ దాన్ని చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే మొదలుపెట్టారు. చదివింది మావోరీ భాషలో బోధించే బడిలో. పాటా, హాకా నాట్యమూ అక్కడి దినచర్య. 2016లో వచ్చిన వాళ్ల పాటొకటి 1864లో తమ పూర్వీకులు బ్రిటిష్ సైన్యంతో చేసిన యుద్ధం గురించి, మావోరీ భాషలోనే ఉంది. ఇక్కడ ఆదివాసీ అతిథి కాదు. గిటారే అతిథి. మా లెక్కలో ఇది సెపుల్తురా కన్నా ఒక మెట్టు పైన ఉంది.

ఆ బడి సంగతి ఉపాధ్యాయులుగా మమ్మల్ని గుచ్చుతుంది. మన రాష్ట్రంలో 2004లో బహుభాషా విద్య కింద కువి, కొండ, ఆదివాసీ ఒరియా లాంటి భాషల్లో వాచకాలు వచ్చాయి. ఒకటో తరగతి పిల్లవాడు ఇంటి మాటలో చదవడం మొదలైంది. వాచకం వచ్చింది గాని వాయిద్యం బడిలోకి రాలేదు. మోరి, కిరిడి, తుడుము, జోడుకొమ్ములు వార్షికోత్సవం రోజున మాత్రమే గేటు దాటుతాయి, అదీ అతిథులను ఎదుర్కోవడానికి.

ధింసాకూ ఇదే గతి. అరకులో పర్యాటకుల ముందు ఆడే ధింసా ఒక వరస. ఆడవాళ్లు చేతులు కలిపి తిరుగుతారు, సందర్శకులు మధ్యలో చొరబడి ఫోటో దిగుతారు, అయిపోయింది. కూలి దొరుకుతోంది కాబట్టి ఆడేవాళ్లను మేం తప్పుపట్టం. కాని ధింసా ఒకటి కాదు. బాగ్ ధింసా ఉంది, పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో చూపేది. బాయా ధింసా ఉంది, పూనకం వచ్చిన గురువుది. ఈ రెండింటిలోనూ భయం ఉంది. బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు సినిమా హాలు ముందు నిలబడి కనిపెట్టిన ఆ భయం మన దగ్గర నాట్యంలోనే ఉంది. నవ్వుతూ తిరిగే బోడ ధింసా ఒక్కటే వేదిక ఎక్కుతోంది. పర్యాటకుడికి భయం అక్కర్లేదు మరి. మన పిల్లవాడికి మాత్రం కావాలి, అందుకే ఆ భయాన్నీ కోపాన్నీ ఇయర్‌ఫోన్లలో వెతుక్కుంటున్నాడు.

విశాఖ కాలేజీల ఉత్సవాల్లో వాయించే మన కుర్రాళ్లు ఒకరిద్దరు ఉన్నారు. వాళ్లకు మేం చెప్పేది ఇంతే. ఇటుకల పండక్కి ఊరికి వచ్చినప్పుడు తుడుము వాయించే తాతను ఫోన్లో రికార్డు చెయ్యండి, ముందు ఆయన అనుమతి అడగండి. పేరు రాసుకోండి, ఊరు రాసుకోండి. దేవత ముందు తప్ప వాయించకూడని దెబ్బ ఏదో ఆయనే చెబుతాడు. దాన్ని వదిలెయ్యండి. మిగిలిన దెబ్బలు నెమ్మదిగా, ఒక్కొక్కటిగా వాయించమనండి. గిటారు శ్రుతిని తుడుముకు సరిపడా కిందికి దించి చూడండి. బొర్రా పరిసరాల గనుల లీజుల మీద సుప్రీంకోర్టులో గెలిచి 1997లో తెచ్చుకున్న సమత తీర్పు మీద కువిలో ఇంతవరకు ఒక మెటల్ పాట లేదు.