చిన్న పాత్ర, వలస నటుడు: మాకో నటజీవితం – ఒక పరిశీలన

మన సినిమా రంగంలో 'క్యారెక్టర్ ఆర్టిస్టు' అనే మాట మీకు పరిచితమే. కథానాయకుడు కాకపోయినా తండ్రి, వైద్యుడు, పోలీసు వంటి పాత్రలతో కథకు బలం చేకూర్చే నటుడని దాని అర్థం. ఆ నటుడు వేరే దేశం నుంచి వలస వచ్చినవాడైతే, అతనికి దక్కే పాత్రలను ప్రతిభ నిర్ణయిస్తుందా, ముఖమూ యాసా నిర్ణయిస్తాయా? హాలీవుడ్ నటుడు మాకో జీవితం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

మాకో 1933లో జపాన్‌లోని కోబేలో జన్మించారు. చిత్రకారులైన తల్లిదండ్రులు 1939లో అమెరికా వెళ్ళగా, ఆయన పెద్దల సంరక్షణలో స్వదేశంలోనే ఉండిపోయారు. యుద్ధం ముగిశాక, 1949లో వారిని చేరుకున్నారు. తరువాత పాసడీనా ప్లేహౌస్‌లో నటన అభ్యసించారు.

ఆయనకు పేరు తెచ్చిన చిత్రం రాబర్ట్ వైజ్ దర్శకత్వంలో 1966లో వచ్చిన 'ద శాండ్ పెబుల్స్'. 1926 నాటి చైనాలో, ఒక అమెరికన్ యుద్ధనౌక ఇంజను గదిలో పనిచేసే పో-హాన్ అనే చైనా కూలీగా ఆయన నటించారు. మాటలు కొద్ది, అవీ వచ్చీరాని ఇంగ్లీషులో. కథాపరంగా చూస్తే, కథానాయకుడికి తోడుగా నిలిచి, తన మరణంతో అతడిని దుఃఖపెట్టడమే ఈ పాత్ర పని. అయితే నావికుడు హోల్మన్ అతనికి ఆవిరి యంత్రం పనితీరు నేర్పే సన్నివేశాన్ని గమనించండి. విషయం బోధపడగానే పో-హాన్ ముఖంలో కనిపించేది పైవాడి పట్ల కృతజ్ఞత మాత్రమే కాదు, కొత్త సంగతి తెలుసుకున్న మనిషి ఆనందం. రచనలో సేవకుడిగా ఉన్నవాడిని నటుడు తెరపై మనిషిగా నిలబెట్టాడు. ఈ పాత్రకు ఆయన ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు.

ఇక్కడితో ఆగితే విమర్శ పూర్తికాదు. ఆ గుర్తింపు తరువాత కూడా ఆయనకు వచ్చిన పాత్రల తీరు పెద్దగా మారలేదు. 'మ్యాష్' టెలివిజన్ ధారావాహికలోనే ఆయన ఒకసారి చైనా వైద్యుడు, ఒకసారి దక్షిణ కొరియా అధికారి, మరోసారి ఉత్తర కొరియా సైనికుడు. దీన్ని నటనా వైవిధ్యమని మెచ్చుకోవచ్చు. కాని జపాన్, చైనా, కొరియా ముఖాలన్నీ ఒకటేనన్న పరిశ్రమ ధోరణి కూడా ఇందులో ఉంది. నటుడి నేర్పును పొగడే తొందరలో ఆ ధోరణిని మరుగుపరచకూడదు.

మాకో ఆ ధోరణితో సరిపెట్టుకోలేదు. 1965లోనే మిత్రులతో కలిసి లాస్ ఏంజిలస్‌లో 'ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్' అనే నాటక సంస్థను స్థాపించారు. ఆసియా సంతతి నటులకు ప్రధాన పాత్రలు, రచయితలకు వేదిక కల్పించిన ఆ సంస్థను 1989 వరకు నడిపించారు. చిన్న పాత్రలో జీవం పోయడం నటుడి విజయం. పెద్ద పాత్రలకు చోటు కల్పించడం అంతకు మించిన విజయం. 2006లో మరణించిన మాకోను అంచనా వేసేటప్పుడు ఈ రెండింటినీ కలిపి చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీకు నచ్చిన ఒక సహాయ పాత్రను తీసుకుని, అందులో రచయిత ఇచ్చినదేమిటో, నటుడు చేర్చినదేమిటో పది వాక్యాలలో వివరించండి.