కాలపట్టికను చదవడం: ఆన్‌లైన్ రేడియో ప్రసారక్రమంపై విమర్శ

రేడియో నాటకాన్ని, రేడియో ప్రసంగాన్ని విమర్శకుడు ఎలా పరిశీలించాలో ముందటి పాఠాల్లో తెలుసుకున్నారు. ఈ పాఠంలో మనం చదవబోయేది సాధారణంగా విమర్శకుల కంట పడని కాగితం. అది కార్యక్రమాల కాలపట్టిక. ఆకాశవాణి ఉద్యోగులు దీన్ని 'ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్' అంటారు. ఏ వేళకు ఏది వినిపించాలి, దేని తర్వాత ఏది రావాలి, ఎంతసేపు సాగాలి అన్నవి అందులో ఉంటాయి. పైకి గుమాస్తా పనిలా కనబడుతుంది. కాని శ్రోత ఎవరు, ఎప్పుడు తీరిక దొరుకుతుంది, ఎవరి తీరికను లెక్కలోకి తీసుకోవాలి అనే నిర్ణయాలు జరిగేది అక్కడే. అందుచేత దాన్ని ఒక రచనగా చదవవచ్చునని నా అభిప్రాయం. తిరుపతి నుంచి ఇంటర్నెట్‌లో ఇరవైనాలుగు గంటలూ నడిచే ఒక తెలుగు రేడియోను ఊహించుకొని, దాని పట్టికను పరీక్షిద్దాం.

పాత పట్టిక ఇచ్చిన మాట

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో, కడప కేంద్రం 1963లో ప్రారంభమయ్యాయి. చాలాకాలం ఇటువంటి కేంద్రాలు రోజును ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే మూడు ప్రసారాలుగా విభజించుకున్నాయి. నడుమ మౌనం ఉండేది. ఆ మౌనానికీ అర్థం ఉంది: ఇప్పుడు మీ పని మీరు చూసుకోండి, ఫలానా వేళకు మళ్లీ వస్తాం అని. 1974లో మొదలైన సంస్కృత వార్తలు ఉదయం 6.55కు ఐదు నిమిషాలపాటు వచ్చేవి. సంస్కృతం ఒక్క ముక్క రాని ఇళ్లలో కూడా అవి గడియారంగా పనికొచ్చాయి. బడికి, బస్సుకు, పాలకేంద్రానికి వాటిని బట్టే బయలుదేరినవారు ఎందరో. కార్యక్రమంలోని విషయం కంటే అది వచ్చే వేళ శ్రోతకు ఎక్కువగా ఉపయోగపడిన సందర్భం ఇది.

1970లలో విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ చెప్పిన రామాయణ భారతాలను తీసుకోండి. వాటి ప్రాచుర్యానికి ఆయన గొంతు, మాటతీరు కారణమని అందరూ అంటారు. అది నిజమే. అయితే ఆదివారం మధ్యాహ్నం అనే వేళకు కూడా అందులో వాటా ఉందని మరచిపోకూడదు. ఇల్లంతా ఒకచోట ఉండే ఆ వేళ కాక, మంగళవారం పదకొండు గంటలకు ఆయన అదే కథ చెప్పి ఉంటే ఎంతమంది విని ఉండేవారు?

చిత్తూరు భారతం

ఆకాశవాణి కంటే పాతదీ, మన ప్రాంతానికి సొంతమైనదీ మరో కాలపట్టిక ఉంది. వేసవిలో చిత్తూరు సీమ ఊళ్లలో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం అది. సాధారణంగా పద్దెనిమిది రోజులు సాగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. ఒకనాడు అర్జున వేషధారి తపస్సు మాను ఎక్కుతాడు. చివరన దుర్యోధన వధ.

ఈ అమరికను జాగ్రత్తగా గమనించండి. మధ్యాహ్నం కథ విన్నవారికి రాత్రి ఆటలో నడుమ కునుకు పట్టినా కథ తెగిపోదు. పగలు పొలంలోనో కొట్టులోనో ఉండిపోయినవారికి రాత్రి ఆట ఉంది. ఒకే కథను రెండు వేళల్లో, రెండు రూపాల్లో, రెండు రకాల తీరికలకు అందించడం ఇక్కడి పద్ధతి. తెలిసిన కథే కనుక ఉత్కంఠ కోసం ఎవరూ రారు. ఈరోజు ఏ ఘట్టమో ఊరందరికీ తెలుసు. అయినా వస్తారు. కార్యక్రమ నిర్వహణ మీద నేను చదివిన ఇంగ్లీషు పుస్తకాల్లో ఇంత నేర్పరి ఉదాహరణ కనబడలేదు.

ప్రసార మాధ్యమాల విమర్శలో రేమండ్ విలియమ్స్ 'ప్రవాహం' అనే భావనను తెచ్చారు. 1974లో వచ్చిన 'టెలివిజన్: టెక్నాలజీ అండ్ కల్చరల్ ఫామ్' గ్రంథంలో, అమెరికాలోని మయామీ నగరంలో ఒక రాత్రి టీవీ చూసిన అనుభవం నుంచి ఆయన దీన్ని వివరించారు. సినిమా, ప్రకటన, రాబోయే సినిమా తునకలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి, విడివిడి కార్యక్రమాలుగా కాక ఒకే ధారగా అనిపిస్తాయని సారాంశం. పరీక్షకు ఈ పేరు గుర్తుంచుకోండి. అయితే మూడు ప్రసారాలూ రెండు మౌనాలూ ఉన్న ఆకాశవాణికి ఈ భావన సరిగ్గా అతకదు. అది ధార కాదు, వేళకు వచ్చి తలుపు తట్టే మనిషి. ధార అన్న మాట నేటి ఆన్‌లైన్ రేడియోకే బాగా సరిపోతుంది.

ఆపని ధార

ఆన్‌లైన్ రేడియోకు ట్రాన్స్‌మిటర్ అక్కరలేదు, ఆపే అవసరమూ లేదు. కొన్ని వందల పాటలు కంప్యూటర్‌లో వేసి, ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే రాత్రింబవళ్లు అదే నడుపుతుంది. చాలా కేంద్రాల పట్టిక ఇంతటితో ముగుస్తుంది. ఇరవైనాలుగు గంటలు నింపడాన్నే ప్రసారం అనుకోవడం ఈ మాధ్యమంలోని ప్రధాన లోపమని నేను భావిస్తాను.

ఉదాహరణకు మన ఊహా కేంద్రం రోజూ ఉదయం 5 గంటలకు వేంకటేశ్వర సుప్రభాతం వినిపిస్తుందనుకుందాం. తిరుపతిలో అది సరైన వేళే. డిసెంబరులో అదే క్షణాన న్యూజెర్సీలో ముందురోజు సాయంత్రం 6.30. అక్కడి శ్రోత దీపం పెట్టే వేళకు స్వామికి మేలుకొలుపు వింటాడు. కువైట్‌లో అప్పుడు తెల్లవారుజాము 2.30. పైగా ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు ధనుర్మాసం తెలియదు. ఎవరో గుర్తుపెట్టుకొని మార్చాలి. ఆ మార్చే మనిషే పట్టికకు రచయిత.

దీనికి కొందరు చెప్పే పరిష్కారం చక్రం పద్ధతి. ఎనిమిది గంటల కార్యక్రమాలు చేసి, రోజుకు మూడుసార్లు తిప్పడం. ఉదయం 5కు మొదలైన చక్రం మధ్యాహ్నం 1కి, రాత్రి 9కి మళ్లీ మొదలవుతుంది. చవకైన పద్ధతి, ప్రసంగాలకూ పాఠాలకూ మేలే. సుప్రభాతానికి మాత్రం పనికిరాదు. కువైట్‌లో అది 2.30కు, 10.30కు, సాయంత్రం 6.30కు వస్తుంది. మూడుసార్లు వచ్చినా అక్కడ తెల్లవారదు!

కాబట్టి వేళకు కట్టుబడినదేదో, కట్టుబడనిదేదో ముందుగా వేరుచేయాలి. మేలుకొలుపు వినేవాడి పొద్దుకు కట్టుబడింది. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ ప్రత్యక్ష వ్యాఖ్యానం మాడవీధుల్లో జరిగే సేవకు కట్టుబడింది. దాన్ని ఎవరి కోసమూ జరపలేం, వారే మేలుకొని వినాలి. మదనపల్లె టమోటా ధర కాయ మండీ చేరకముందే రైతు చెవిన పడాలి, వేలం ముగిశాక చెబితే అది ఒట్టి కబురు. పాఠం మాత్రం ఎప్పుడైనా వినవచ్చు. దూరవిద్యలో చదువుతున్న మీకు ఇది వేరే చెప్పనక్కరలేదు. అయినా నిర్ణీత వేళ ఉంటేనే పాఠం వినేవారు మీలో కొందరు ఉంటారని అనుభవం మీద చెప్పగలను. ఎప్పుడైనా వినవచ్చు అన్నది చాలాసార్లు ఎప్పటికీ వినకపోవడంగా మారుతుంది.

ఎవరిని లెక్కపెట్టాలి

ట్రాన్స్‌మిటర్‌కు ఒక్కరు విన్నా లక్షమంది విన్నా ఖర్చు ఒకటే, వినేవారి సంఖ్య దానికి తెలియదు. ఇంటర్నెట్‌లో అలా కాదు. సర్వర్ ప్రతి శ్రోతకూ విడిగా ధ్వనిని పంపుతుంది. 64 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు ఒక్కో శ్రోతకు సుమారు 29 మెగాబైట్లు. అందువల్ల ఏ నిమిషంలో ఎందరున్నారో, ఏ పాటకు ఎందరు వెళ్లిపోయారో నిర్వాహకుడికి తెరమీద కనబడుతుంది. ఇది వరమే గాని, ఆ గీతను చూసి పట్టిక రాస్తే ముందుగా పోయేది టమోటా ధర. దాన్ని వినేవారు కొద్దిమంది, వినేది కొద్ది నిమిషాలు. సినిమా పాటతో అది పోటీపడలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ సంగం రేడియో. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో 2008 అక్టోబరులో ప్రారంభమైంది. దళిత మహిళలే నడిపే ఈ కేంద్రం రాత్రి 7 నుంచి 9 దాకా ప్రసారాలు చేసింది. కూలిపని ముగించి ఇంటికొచ్చే ఆడవాళ్ల వేళ అది. రెండు గంటలే. కాని ఆ రెండు గంటలు ఎవరివో స్పష్టంగా తెలుసు. నా దృష్టిలో ఇరవైనాలుగు గంటల పాటల ధార కంటే ఇదే మెరుగైన పట్టిక.

పూర్వపు చిత్తూరు, కడప జిల్లాల నుంచి ఎందరో మహిళలు ఇంటిపనికి కువైట్ వెళ్లారు. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం మధ్యాహ్నం మన పాత పద్ధతిలో ఎంత గొప్ప వేళ అయినా, వారికి అది పనిదినం. యజమాని ఇంట్లో ఉన్నవారికి శుక్రవారమైనా పూర్తిగా చేతికి వస్తుందని లేదు. ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకొని గిన్నెలు కడుగుతూ వినే శ్రోత ఆమె. అరగంట ప్రసంగాన్ని మొదటినుంచి వినే అవకాశం ఆమెకు ఉండకపోవచ్చు. భారతంలో మధ్యాహ్నం హరికథ, రాత్రి ఆట ఉన్నట్లు, ఆమెకు ఒకే విషయం రెండు వేళల్లో, రెండు నిడివుల్లో దొరకాలి.

అభ్యాసం

శుక్రవారం, భారత కాలమానం ప్రకారం రాత్రి 9 నుంచి 10 వరకు గల గంటకు కాలపట్టిక రాయండి. కువైట్‌లో అప్పుడు సాయంత్రం 6.30. మీ శ్రోతలు ఇద్దరు: అక్కడ వంటపనిలో ఉన్న మదనపల్లె మహిళ, ఇక్కడ పడుకోబోతున్న ఆమె తల్లి. పాటలు పదిహేను నిమిషాలు మించరాదు. ఏయే కార్యక్రమాలను ఆలోచించి వదిలేశారో, ఎవరిని దృష్టిలో పెట్టుకొని వదిలేశారో పది వాక్యాల్లో వివరించండి.