అంచుల లెక్క, వత్తుల లెక్క

ఖతర్‌లో నా చేతికందిన తెలుగు ప్రత్యేక సంచికల్లో పుటల అమరిక తరచు ఆంగ్లపు కొలతే. 210×297 మి.మీ. ఏ4 పుటలో నలువైపులా అంగుళం వదిలితే పంక్తి 159 మి.మీ. సాగుతుంది, మరుసటి పంక్తి మొదలు కోసం కన్ను తడుముకుంటుంది. ఐరోపా ముద్రాపకులు మెచ్చిన తొమ్మిది భాగాల పద్ధతిలో లోపలి అంచు 23, వెలుపలిది 47, పైన 33, కింద 66 మి.మీ.; పంక్తి 140కి తగ్గుతుంది. ఏ4కు అదీ ఎక్కువే, రెండు నిలువు వరుసలు మేలు.

అయితే ఆ పద్ధతికి వత్తులు తెలియవు. ‘రాష్ట్రం’లో ష కింద రెండు వత్తులు చేరతాయి, అవి కింది పంక్తి గుడులను తాకితే ఏ అంచూ ఆదుకోదు. 12 పాయింట్ల ఆంగ్లాక్షరాలకు 14.4 పాయింట్ల పంక్తి దూరం చాలు. తెలుగుకు 18 అయినా ఉండాలంటాను. చత్వారం వచ్చిన నా ఈడువారూ, ఇక్కడ పెరుగుతూ కూడబలుక్కొని చదివే పిల్లలూ ఆ ఇరుకులోనే పుస్తకం మూసేస్తున్నారు. పుటలు పెరుగుతాయని సంపాదకులంటారు. శుభాకాంక్షల ప్రకటనలు రెండు తగ్గించుకోవచ్చు.