గడ్డిమీద మట్టి, ఇటుకమీద గచ్చు

ఈ వారము అమీర్‌పేటనుండి పంజాగుట్టకు నడచి వచ్చుచు, చవితి వినాయకునికై వెదురుబద్దలకు వరిగడ్డి చుట్టి, పురికొసతో బిగించి, ఊక కలిపిన మట్టిని పొరలుపొరలుగా మెత్తుచున్న పనివారియొద్ద చాలసేపు నిలిచిపోయితిని. ప్రక్కనున్న పెద్దమనిషి యొకరు "మట్టిపనేగదండీ, రాయి చెక్కినట్లా!" అనిరి. అమరావతి రాతిపై నాకున్న మక్కువ ఈ శీర్షిక చదువువారికి క్రొత్త కాదు. అయినను ఆ మాటకు మనస్సు నొచ్చినది.

వెదురునకు మారుగా కొయ్యను నిలిపి, ఇంచుమించుగా ఈ క్రమముననే మధ్య ఆసియాలోని ఖోటాన్ ఎడారి త్రోవలలోని బౌద్ధాలయముల శిల్పులు పనిచేసిరి. 1901లో పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టైన్ అచటి రవాక్ స్తూపపు ప్రాకారమును త్రవ్వించినప్పుడు, గోడల పొడవున కాల్చని మట్టి విగ్రహములు, పెక్కింటికి తలలు లేకయే, గాంధారరీతి వస్త్రపు మడతలతో బారులు తీరి కనబడెను. లోపలి కొయ్య ఏనాడో జీర్ణించిపోవుటచే చుట్టునున్న ఇసుకయే వాటిని నిలిపియుంచినది. ఇసుక తీసినకొలది అవి ఒరగసాగెను. తరలించుట సాధ్యము గాదని గ్రహించి, ఛాయాచిత్రములు తీసికొని, ఆయన వాటిని మరల ఇసుకలోనే పూడ్పించెను. 1906లో తిరిగి వచ్చునప్పటికి నిధులకై వెదకినవారు వాటిని ధ్వంసము చేసియుండిరి. ఆ చిత్రములను చూచునప్పుడెల్ల నాకు దుఃఖము కలుగును.

చెక్కదగిన రాయి దొరకకనే వారు మట్టి నాశ్రయించిరందురు. ఆ సమాధానము ఖోటానుకు చాలునేమో గాని, మన సూర్యాపేట జిల్లా ఫణిగిరికి చాలదు. అచటి శిల్పులు సున్నపురాతితోనే తోరణమును అతి సూక్ష్మముగా చెక్కిరి. అట్టిచోటనే 2019లో, ఇటుకపై సున్నపు గచ్చుతో తీర్చిన నిలువెత్తు బోధిసత్త్వుడు బయల్పడెను. రాయి చేతనుండగా, మట్టివలెనే మెత్తి తీర్చు గచ్చును కోరుకొనిరన్నమాట! ఉలి తీసివేసిన దానిని తిరిగి చేర్పజాలదు. గచ్చుపనివాడు చెక్కిలిని నింపవచ్చును, తగ్గింపవచ్చును, పగిలినచోట మరల పూయవచ్చును. మట్టి రాతికి తీసిపోదని వాదింపబూనిన నేను ఇప్పుడు ఆ పోలికనే విడిచిపెట్టుచున్నాను. మెత్తి తీర్చు ఈ పని వేరొక విద్య. దీనిని దీని కొలతతోనే చూడవలెను.

ఆ కొలత తెలియుటకై, కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతులలో సున్నపుపని చేసిన మేస్త్రీలను ఫణిగిరి బోధిసత్త్వుని యెదుట నిలిపి, ఏ పొర ఎంత ఆరినపిమ్మట తరువాతి పొర పడియుండునో అడిగి వ్రాసికొనుట పురావస్తు శాఖవారు వెంటనే చేయదగిన పని.